ఆ మూడు రోజుల రంగు

ఆ వీధిలో ఫొటోలు దిద్దేవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. అయినా రంగు దగ్గర పేచీ వస్తే అందరూ వచ్చి పడేది రంగుల మాస్టారి మీదే. ఆయనకు అసలు పేరంటూ ఒకటుంది గానీ, దాన్ని కరెంటు బిల్లు పంపేవాళ్ళు తప్ప ఇంకెవరూ వాడరు. స్టూడియో వెనకగదిలో కిటికీకి నల్లగుడ్డ కట్టి, గోడలకు బూడిదరంగు వేయించి, ముప్ఫై ఏళ్ళుగా జనం ముఖాలు బాగుచేస్తూ కూర్చున్నాడు. బూడిదరంగే ఎందుకు మహానుభావా అంటే, పక్కన ఇంకో రంగుంటే కన్ను మోసపోతుందట. ఆ గదిలో అన్నిటికన్నా విలువైన సామాను తన కళ్ళేనని ఆయన గట్టి నమ్మకం.

పొద్దున్నుంచీ ఫోన్లు మోగుతూనే ఉండేవి. వేరే స్టూడియోల కుర్రకారు గుడ్లు తేలేసి ఫోన్ చేసేవాళ్ళు.

"మాస్టారూ, ఎంత బ్రష్ వేసినా ఫొటోలో ఏమీ మారట్లేదండీ!"

"ముందు ఇది చెప్పు. మాస్క్ మీదున్నావా, ఫొటో మీదున్నావా?"

మాస్క్ అంటే దిద్దుబాటు ఎక్కడ కనిపించాలో, ఎక్కడ దాక్కోవాలో చెప్పే తెర. దాని మీద తెలుపు పూస్తే కనిపిస్తుంది, నలుపు పూస్తే మాయమవుతుంది. తెర మీద ఉన్నామో బొమ్మ మీద ఉన్నామో చూసుకోకుండా గంటల తరబడి రుద్దేవాళ్ళే ఎక్కువ.

"జుట్టు చుట్టూ తెల్లగీత వస్తోందండీ" అని ఇంకొకడు.

"అట్టముక్క కత్తిరించినట్టు కత్తిరిస్తే రాక చస్తుందా? అంచు కాస్త లోపలికి జరిపి మెత్తబరుచు. ఒరేయ్, అసలు ఫొటోని మాత్రం ముట్టుకోకు. నీ ప్రతాపమంతా దాని మీద పరిచే పైపొరలో, ఆ లేయరులోనే చూపించు."

తిట్టేవాడు, చెప్పేవాడు, తర్వాత నవ్వేవాడు. ఒక్కటే ఆయన జబ్బు. ఫొటోలో ఎక్కడ బాణంగుర్తు పెట్టినా అక్కడ ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంతో అంకెల్లో చూపించే చిన్న కిటికీ కంప్యూటరు తెర మీద ఒకటుంటుంది. కుర్రవాళ్ళు దాన్ని చూడందే అడుగు వెయ్యరు. మాస్టారు దాన్ని మూసేసి పదేళ్ళు దాటింది. "తినే తిండిని త్రాసులో పెట్టుకుని తింటామా?" అనేవాడు.

రెండేళ్ళుగా అక్కడక్కడా ఫిర్యాదులు వస్తున్నాయి. పెళ్ళిఫొటోలో కూతురు చలికి వణుకుతున్నట్టుందని ఒక తండ్రి తిరిగి తెచ్చాడు. బడి ఫొటోలు చన్నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయని పంతులమ్మ అంది. ముందు కౌంటరు, ప్రింటరు చూసుకునేది మాస్టారి కూతురు. ఇంకు మార్చింది, కాగితం మార్చింది, గదిలో ట్యూబులైటు మార్చింది. చివరికి కంప్యూటరు తెర కూడా కొత్తది కొన్నారు. మాస్టారు వాటన్నిటినీ వంతులవారీగా తిట్టాడు. తిట్టించుకోనిది తన కుర్చీ ఒక్కటే.

అప్పుడొచ్చింది బేకరీ ఆవిడ. వీధి చివర బేకరీలో పిండి కలిపే పని ఆవిడది. చేతులకింకా పిండి ఉండగానే వచ్చి, ఫోన్లోంచి ఒక ఫొటో చూపించింది. నాలుగేళ్ళ పాప, గుడ్డకుందేలును రెండు చేతులతో గుండెకు హత్తుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

"గుండెలో రంధ్రంతో పుట్టిందండీ. పుట్టినప్పట్నుంచీ ఈ నీలమే. ఆపరేషన్ చేశాక మూడు రోజులు..." అని ఆగింది. "మూడు రోజులు గులాబీరంగులో ఉంది మాస్టారూ. పెదాలు, చెవులు, అంతా. ఆ వార్డులోకి ఫోన్లు తేనివ్వలేదు. నాలుగోరోజు జ్వరమొచ్చింది, పోయింది. ఆ మూడు రోజులు చూసింది నేనొక్కదాన్నే. ఆ రంగులో ఒక్క ఫొటో కావాలి."

మాస్టారి చేతుల మీదుగా వేల ముఖాలు వెళ్ళాయి గానీ ఇలాంటి పని ఎప్పుడూ రాలేదు. నాలుగు రోజులు కూర్చున్నాడు. పెదాలకొక లేయరు, చెవులకొకటి, కనురెప్పలకొకటి, ఒక్కోదానికి మాస్క్. జుట్టు మొదళ్ళ దగ్గర వెంట్రుకవాసి తేడా రాకుండా అంచులు దిద్దాడు. తన జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు. తనే ప్రింటు తీసి చేతిలో పట్టుకుని మురిసిపోయాడు. పాప ముఖంలో వెలుగు తేరిపార చూసి, తనే వెళ్ళి బేకరీ ఆవిడను పిలుచుకొచ్చాడు.

ఆవిడ ఫొటో తీసుకుంది. చాలాసేపు చూసింది.

"ఏమ్మా?"

"ఇంకా నీలంగానే ఉందండీ" అంది మెల్లగా. "ముందుకన్నా ఎక్కువ. ఆఖరిరోజు... ఆఖరిరోజు ఇలా ఉంది."

ముప్ఫై ఏళ్ళ పేరు ఆయన నెత్తికెక్కి కూర్చుంది మరి. ఛర్రున లేచాడు. "నీ కళ్ళలో నీళ్ళున్నాయమ్మా. నీళ్ళలోంచి చూస్తే ఏ రంగూ సరిగ్గా కనబడదు. ఇంటికెళ్ళి నింపాదిగా చూసుకో."

ఆవిడ ఫొటోను కౌంటరు మీద బోర్లా పెట్టి వెళ్ళిపోయింది. అలా బోర్లా పెట్టడమే మాస్టారి కూతురికి మనసులో గుచ్చుకుంది. వెనకగదిలోకొచ్చి, తండ్రి వద్దంటున్నా వినకుండా ఆ అంకెల కిటికీ తెరిచి, పాప బుగ్గ మీద బాణంగుర్తు పెట్టింది. ఎరుపు ఎక్కువుండాల్సిన చోట నీలం ఎక్కువుంది. పెదవి మీద పెట్టింది. అక్కడా అంతే.

"ఈ తెర కూడా పాడైపోయిందన్నమాట" అన్నాడు మాస్టారు.

కూతురు కొత్తకట్ట విప్పి ఒక కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. "ఇది ఏ రంగు నాన్నా?"

"పాత కాగితం తెచ్చి అడుగుతావేం? మీగడరంగుకు తిరిగింది కనబడట్లా?"

"ఇప్పుడే కట్ట విప్పాను. తెల్లగా ఉంది నాన్నా."

మాస్టారు కాగితాన్ని లైటు కింద పెట్టి చూశాడు, నల్లగుడ్డ పక్కకు తీసి ఎండలో పెట్టి చూశాడు. ఎక్కడ చూసినా మీగడరంగే. కుర్చీలో కూలబడిపోయాడు.

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి పసుపెక్కాయనీ, లోకంలో ఉన్న నీలం సగానికి సగం ఆయన దాకా రావడమే లేదనీ కంటిడాక్టరు చెప్పింది. అన్నీ పసుపుగా కనబడుతుంటే ఆయన తనకు తెలియకుండానే ప్రతి ముఖానికీ నీలం కలుపుతూ పోయాడు. తెర మీదా అవే కళ్ళు, ప్రింటు మీదా అవే కళ్ళు, కాబట్టి ఆయనకు రెండూ సరిగ్గానే కనిపించాయి. షుగరు అదుపులోకి వచ్చాక ఆపరేషన్ చేస్తామని, అంతా అయ్యేసరికి మూడు నెలలన్నా పడుతుందని చెప్పింది.

ఆ పెళ్ళికూతురూ, ఆ బడిపిల్లలూ ఆయనకు గుర్తొచ్చారు. కానీ తిండి సహించకుండా చేసింది మాత్రం ఆ ఒక్క మాటే. నీ కళ్ళలో నీళ్ళున్నాయమ్మా అన్నాడు. బిడ్డ పోయిన తల్లిని పట్టుకుని అన్నాడు. సిగ్గుతో రెండు రోజులు స్టూడియోకి రాలేదు. మూడోరోజు బేకరీ వెనకగుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఆ రోజు మీ కళ్ళను తప్పుపట్టాను. తప్పు నా కళ్ళది. ఆపరేషన్ చేయించుకోవాలట. మూడు నెలలాగితే..."

"మూడు నెలలా?" ఆవిడ పిండిలోంచి చేతులు తీసింది. "రోజూ పొద్దున కళ్ళు మూసుకుని ఆ రంగు తలుచుకుంటానండీ. మొదట్లో ఇలా అనుకోగానే వచ్చేసేది. ఇప్పుడు వెతుక్కోవాల్సి వస్తోంది. మూడు నెలలకు అది నా దగ్గర కూడా ఉండదు మాస్టారూ."

ఆయన గుమ్మంలోంచి పక్కకు జరిగి దారిచ్చాడు. "అయితే ఇప్పుడే రండి. చెయ్యి నాది, చూపు మీది."

వెనకగదిలో ఆయన పక్కన ఇంకో కుర్చీ వేయడం అదే మొదటిసారి. లేయర్లలో తను వేసిన పాత రంగంతా తీసేశాడు. కింద అసలు ఫొటో చెక్కుచెదరకుండా ఉంది. మాస్కులు ఎక్కడివక్కడ ఉంచి, రంగు మాత్రం మళ్ళీ మొదలుపెట్టాడు.

"చెవులతో మొదలుపెట్టండి. ముందు మారినవి అవే."

ఎరుపు వైపుకు మెల్లగా జరిపాడు.

"ఇంకొంచెం. ఇంకొంచెం. అబ్బే, ఎక్కువైంది, ఎండలో ఆడొచ్చినట్టుంది. అదెప్పుడూ ఎండలో ఆడలేదండీ. కాస్త వెనక్కి. వేణ్ణీళ్ళతో ముఖం కడిగి తుడిచాక ఉంటుంది చూడండి, అలా."

"ఇలాగా?"

"ఆగండి." ఆవిడ కళ్ళు మూసుకుంది. తెరిచింది. మళ్ళీ మూసుకుంది. "ఒక్క పిసరు వెనక్కి."

ఆయనకు ఆ ఒక్క పిసరు తేడా కనబడలేదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, కనబడనిదాన్ని ఒకరి మాట మీద దిద్దుతున్నాడు. చెవులయ్యాయి. బుగ్గలయ్యాయి. పెదాల దగ్గర గంటకు పైగా పట్టింది. ఎక్కడో ఒకచోట ఆవిడ ఊపిరి బిగబట్టింది. ఆయన చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

"అదే" అంది. "ఇదిగో, ఇదే. మూడు రోజులూ ఇలాగే ఉంది." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మాస్టారు కూడా ఏడ్చాడు. దాచుకోలేదు. ఆయన కళ్ళకు ఆ పాప మీగడరంగులోనే ఉంది. ఆ తల్లికి ఏం కనబడిందో ఆయనకు కనబడలేదు, అదే ఆయన దుఃఖం.

వెనక నిలబడి చూస్తున్న కూతురు ముందుకు వంగింది. "నాన్నా, గోళ్ళు మిగిలిపోయాయి. కుందేలును పట్టుకున్న చేతులు చూడు. ఇంకా నీలంగానే ఉన్నాయి."

"అయ్యో, నాకు కనబడ్లేదే" అని మాస్టారు కొత్త లేయరు తెరిచి బ్రష్ చిన్నది చేశాడు. ఆవిడ చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

"వాటిని ముట్టుకోకండి."

"ఆ మూడు రోజులూ గోళ్ళు కూడా గులాబీగానే ఉండి ఉంటాయి కదమ్మా?"

"ఉన్నాయండీ. డాక్టరుగారు ముందు నాకు చూపించింది వాటినే." ఆయన చెయ్యి వదల్లేదు. "కానీ నాలుగేళ్ళు పొద్దున లేవగానే నేను చూసుకున్నది ఆ గోళ్ళే. మరీ నీలంగా ఉంటే ఆ రోజు దాన్ని దించకుండా ఎత్తుకునే తిరిగేదాన్ని. కాస్త తేలిగ్గా ఉంటే ఆడుకోనిచ్చేదాన్ని. అవి కూడా మార్చేస్తే ఎవరి పిల్లో అనిపిస్తుంది మాస్టారూ. వాటిని నాకు వదిలెయ్యండి."

మాస్టారు బ్రష్ వదిలేశాడు. కూతురు వెళ్ళి ప్రింటు తీసుకొచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. గులాబీరంగు తేలిన ఆ ముఖాన్ని ఆవిడ తర్వాత చూసుకుంది. ముందు బొటనవేలితో తడుముతూ ఆ పది గోళ్ళనూ ఒక్కొక్కటిగా చూసుకుంది.