గుండ్రటి మూల

మా వర్క్‌షాపులో ఫిట్టరు మాస్టారుది ముప్పై ఏళ్ల సర్వీసు. ఆయన ఆకురాయి పడితే ఇనుము కూడా మాట వింటుందని విశ్వవిద్యాలయమంతా చెప్పుకునేది. ఆయనా కాదనేవాడు కాదు, పొగడ్త అంటే చెవి కోసుకుంటాడు. నేను ఆయన పక్క బల్ల దగ్గర వెల్డరుని. ఆయన మంచివాడే. ఈ కథలో మాత్రం మేమిద్దరం మంచివాళ్లుగా కనిపించం.

అంతరిక్ష సంస్థతో ఒప్పందం కుదిరాక మా రేకుల షెడ్డుకి కళ వచ్చింది. పిల్లలు చెప్పుల పెట్టెంత ఉపగ్రహం తయారుచేస్తే, సంస్థవాళ్లు దాన్ని తమ యంత్రం మీద పెట్టి గడగడలాడించి పరీక్షిస్తారు. పనిలో ఏ తేడా వచ్చినా రాసి పంపమని ఫారాల కట్ట ఒకటి ఇచ్చారు. అది మేకుకి వేలాడుతుండేది, మేము దానితో చేతుల గ్రీజు తుడుచుకునేవాళ్లం. ఏటా ఒక్క విద్యార్థిని ఆరు నెలలు తమ ల్యాబులో పనికి తీసుకుంటారు కూడా. పోయినేడు వెళ్లొచ్చిన కుర్రాడికి అంతకుముందు స్క్రూ ఎటు తిప్పాలో తెలీదు. ఇప్పుడు మాకే పాఠాలు చెబుతున్నాడు.

ఈ ఏడు ఆ చోటు డ్రాయింగుల పిల్లదే అనుకున్నాం. ఆఖరి ఏడాది చదువుతోంది. చంకలో కాగితాలు లేకుండా ఎప్పుడూ కనబడదని మాస్టారే ఆ పేరు పెట్టాడు.

ఉపగ్రహంలో సర్క్యూటు పెట్టె కూర్చునే అల్యూమినియం చట్రం ఆమె గీసింది, ఆయన చేశాడు. లోపలి మూలలు నాలుగూ గుండ్రంగా ఉండాలని డ్రాయింగులో రాసుంది. పరీక్షకు పంపే రోజు పెట్టె ఒక మూల దగ్గర అడ్డుపడి దిగలేదు. ఆ అమ్మాయికి ఒక ఫోను చేస్తే సరిపోయేది. ఆయన ఆకురాయి తీసి, ఆ ఒక్క మూలనీ గీకి చదరం చేసేశాడు. పెట్టె టక్కున కూర్చుంది.

"చూశావురా, ముప్పై ఏళ్ల చెయ్యి!" అన్నాడు.

నేను భేష్ అన్నాను.

సంస్థవాళ్ల పరీక్షలో చట్రం సరిగ్గా ఆ మూలలోనే పగిలింది. మూల పదునుగా ఉంటే అదురంతా అక్కడే పట్టి చీలుస్తుందని మాకు తెలీక కాదు. ఆ పూట తోచలేదు. పగులులో ఆకురాయి గీతలు కలిసిపోయాయి. ఆ అమ్మాయి ముక్కలు పట్టుకుని షెడ్డుకొచ్చింది.

"మాస్టారూ, చేసేటప్పుడు ఏమైనా మార్చారా? వాళ్లు అడుగుతున్నారు."

"నువ్వు గీసినట్టే చేశానమ్మా," అన్నాడాయన.

నేను వెల్డింగు ముసుగు దించుకున్నాను. చేతిలో పనేమీ లేదు.

మూడు నెలలు ఆమె తన లెక్కలే తిరగేసింది. తప్పెక్కడా దొరకలేదు, పని ముందుకు సాగలేదు. సంస్థ చోటు ఇంకొకరికి వెళ్లింది. ఆ ఎంపిక జాబితా చూసిన రోజు మాస్టారు ఇంటికెళ్లి భార్యకు చెప్పేశాడట. ఆవిడ బట్టలు కుడుతుంది.

"చొక్కా చెయ్యి పొట్టిగా కుడితే నేను మనిషి మొహం మీదే ఒప్పుకుంటాను. నీకేం రోగం?" అందట.

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయిని పిలిచి, నా ఎదుటే మొత్తం చెప్పాడు. నేనూ చూశానని చెప్పాను. ఆమె చంకలోని కాగితాలు బల్ల మీద పెట్టింది.

"మూడు నెలలు నాకే చదువు రాలేదనుకున్నాను మాస్టారూ," అంది. "ఆ రోజే చెప్పుంటే పెట్టె అంచు కాస్త తగ్గించేదాన్ని. పది నిమిషాల పని."

నాకు సిగ్గేసింది.

ఆమె మేకు నుంచి గ్రీజు అంటని ఫారం ఒకటి వెతికి తీసింది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం చేయాలి, మూడే గళ్లు. సంస్థవాళ్లు పిల్లలకు మొదటి రోజే ఈ ఫారం నింపడం నేర్పారట. ఆయన చెబుతుంటే ఆమె రాసింది.

"నా పేరు ఎక్కడ రాయాలమ్మా?"

"పేరు రాయక్కర్లేదు మాస్టారూ. ఎవరు చేశారని వాళ్లు అడగరు."

ఆయన నమ్మలేదు. ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి, అటువైపు కూడా వెతికాడు.