గ్రేసమ్మ తెచ్చిన ఒకే తాను

నరసరావుపేటలో తన వీధి ఆడవాళ్ళలో గ్రేసమ్మ చేత జాకెట్టు కుట్టించుకోని మనిషి లేదు. భర్త ప్రభుదాసు పోయాక కొడుకు ప్రదీప్‌ని టీచరును చేసిందీ, కూతురు పింకీకి వెల్దుర్తి సంబంధం చేసిందీ ఆ కుట్టుమిషను మీదే. అంతటి మనిషికీ క్రిస్మస్ బహుమతుల దగ్గర మాత్రం చెయ్యి తిరగలేదు.

ఆ ఇంట్లో పండక్కి వచ్చే పెద్దవాళ్ళు పిల్లలందరికీ తలా ఒకటి తేవాలి. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ ఏటేటా అది పెరుగుతూ పోయింది. పోయినేడు కోడలు కెజియా రిమోటు కార్లు తెచ్చింది. పింకీ రబ్బరు బంతులు తెచ్చింది. కెజియా కొడుకు అభి బంతిని అటూ ఇటూ తిప్పి చూసి, "అత్తా, దీనికి బ్యాటరీ యాడేస్తారు?" అనడిగాడు. అందరూ నవ్వారు. పింకీ కూడా నవ్వింది. నవ్వి, బిరియానీ సగంలో వదిలేసి, బస్సు టైమైందని కొడుకు ఎలీషాని తీసుకుని వెళ్ళిపోయింది.

ఈసారి డిసెంబరు పుట్టగానే ఫోన్ చేసింది. "పత్తి తీతలున్నయమ్మా. మేం రాలేం."

పత్తి తీతలు ఏటా ఉండేవే. ఫోన్ పక్కన పెట్టి గ్రేసమ్మ ఆ పూట మిషను తొక్కలేదు. జాకెట్టు కోసం వచ్చిన పక్కింటి హజ్రా బీ గుమ్మంలోనే ఆగింది.

"ఏందే, మొకం అట్టా ఏలాడేశావ్?"

గ్రేసమ్మ చెప్పింది. హజ్రా బీ విని, "మా రంజాన్‌కి ఈ గోల లేదు. ఒకే తాను గుడ్డ తెస్తాం, పిల్లలందరికీ అందులోనే బట్టలు. కుట్టేది నువ్వేగా తల్లీ, మర్చిపోయినావా?" అంది.

ఇన్నేళ్ళుగా ఆ బట్టలు కత్తిరిస్తూ కూడా తన ఇంటి సంగతి తట్టలేదే అని గ్రేసమ్మ తనను తానే తిట్టుకుంది. ముందు కోడలికి ఫోన్ చేసింది.

"ఈసారి పిల్లలకి ఎవరూ ఏం కొనబాకండి. నేను కుట్టే బట్టలే అందరికీ. ఒకే తానులో."

"బ్యాండుమేళం వాళ్ళలాగా ఉంటారు అత్తయ్యా."

"ఉంటే ఉండనీ. పండక్కి చర్చిలో పాడేది పిల్లలేగా."

తర్వాత కూతురికి. "నా కళ్ళు ఆనటంలేదే. గుండీలకి కాజాలు కుట్టే చెయ్యి నీదే. నువ్వు రాకపోతే పిల్లలు చొక్కాలు చేత్తో పట్టుకుని చర్చికి పోవాల్సిందే."

"బజార్లో మిషను మీద కుట్టిచ్చుకోరాదూ."

"నీకు నేర్పింది ఎందుకంట?"

"పిల్లలకి ఏం తేవాల?"

"సూది కూడా తేబాక."

పింకీ పండగ కంటే ముందే దిగింది. తల్లి మిషను మీద, కూతురు గడప మీద. నీలం గళ్ళ గుడ్డ ఇల్లంతా పరుచుకుంది. ప్రదీప్ వాళ్ళు వచ్చేసరికి ఆఖరి చొక్కాకి కాజా పడుతోంది. కెజియా సంచిలోంచి బొమ్మ డబ్బా మూల ఒకటి బయటికి కనపడింది.

"ఏందమ్మా అది?"

"చిన్నదే అత్తయ్యా."

"చిన్నదైతే అభి పుట్టినరోజుకి సరిపోద్ది. బీరువాలో పెట్టు."

కెజియా మొగుడి వైపు చూసింది. ప్రదీప్ వెళ్ళి బీరువా తలుపు తీసి పట్టుకున్నాడు.

పండగనాడు చర్చి ముందు వరసలో ఆ ఇంటి పిల్లలందరూ నీలం గళ్ళలో కూర్చుంటే, వెనక ఆడవాళ్ళు మెడలు సాచి చూశారు. ఆరాధన అయ్యాక ఆ సందట్లో కెజియా ఒక నీలం చొక్కాని రెక్క పట్టి లాగి, "ఒరేయ్, ముక్కు తుడుచుకోమని ఎన్నిసార్లు చెప్పాలిరా" అని కొంగుతో గట్టిగా తుడిచింది. తీరా మొహం చూస్తే ఎలీషా.

"ఇంకో పక్క కూడా తుడువత్తా" అన్నాడు వాడు.

ముందు పింకీ నవ్వింది. కెజియా నవ్వాగక గోడకు ఆనుకుంది.

అసలు అభి ఎక్కడని చూస్తే, మెట్ల మీద నలుగురు పిల్లలను పోగేసి చొక్కా ముందుకు లాగి చూపిస్తున్నాడు. "మీ చొక్కాలకి మిషను కాజాలు. నాకు మా అత్త చేత్తో కుట్టింది. ఇట్టాంటియి షాపులో దొరకవు."

బంతికి బ్యాటరీ అడిగినవాడు వాడే. పింకీ ఆ మాట విన్నది. కూతురు వినటం గ్రేసమ్మ చూసింది.

ఆ మధ్యాహ్నం పింకీ బస్సు ఊసెత్తలేదు. రెండోసారి బిరియానీ పెట్టించుకుంటూ, "వచ్చే ఏడు తాను మాచర్లలో నేను తీస్తానమ్మా" అంది.

"రంగు నేను చెప్తా" అంది కెజియా.

"కాజాలు కుట్టేదాన్ని నేనుండంగా రంగు నువ్వెట్టా చెప్తావొదినా?"

ఇద్దరూ అట్లా తగువాడుకుంటూ ఉండగానే గ్రేసమ్మ ఒక గిన్నెనిండా బిరియానీ పెట్టుకుని, తల ఎత్తుకుని హజ్రా బీ ఇంటికి బయలుదేరింది.