కొప్పులో రాగి మల్లె

మా పక్కింటి అత్త పోయింది. పోచారం వెళ్లే ఆఫీసు బస్సులో ఉండగా ఆమె ఆడబిడ్డ ఫోను చేసి, "మీ అత్త దవాఖానల పోయింది. ఇంటికి తెస్తున్నం, రా," అని పెట్టేసింది. నారపల్లి దగ్గర బస్సు దిగి, రోడ్డు దాటి, ఉప్పల్ వైపు బస్సు కోసం నిలబడ్డాను. ఏడుపు రాలేదు. అత్త నన్ను నోరు తెరిచి అడిగింది జీవితంలో ఒక్కటే. అది ఇవాళ చేయాలి, చేయగలనో లేదో అన్న భయం మాత్రం పట్టుకుంది.

పిలుపుకే అత్త, చుట్టరికం లేదు. చిల్కానగర్‌లో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. మామ నాచారంలో నల్లాలకు మెరుపు పూత ఎక్కించే కార్ఖానాలో పనిచేసేవాడు. డ్యూటీ దిగి వస్తూ ఉప్పల్‌లో మూరెడు మల్లెలు కొనడం ఆయన అలవాటు. తలలో ఆ పూలు లేకుండా అత్త గేటు దాటడం నేను చూడలేదు.

మామ పోయిన పదో రోజున ఆ పూలు తీసేసింది ఆడబిడ్డే. ఆమె మామకు అక్క. పెళ్లయిన కొత్తలోనే భర్త పోయాడు. చుట్టాల్లో ఎవరింట్లో ఇలాంటి పని పడినా ఆమెనే పిలుస్తారు. చేయి వణకకుండా చేస్తుందని పేరు.

కార్ఖానా మూతపడ్డప్పుడు మామ తెచ్చుకున్న, పూతకు కరెంటు ఇచ్చే పెట్టె ఒకటి, బట్టలుతికే బండ పక్కన రేకుల కింద పడి ఉండేది. ఎవరో అమ్మాయి నిజం గులాబీకి రాగి పూత ఎక్కించి లాకెట్ చేస్తున్న వీడియో ఒకటి ఓసారి ఫోనులో అత్తకు చూపించాను, ఊరికే, పొద్దుపోవడానికి. మళ్లీ పెట్టించుకుని చూసి, "గిది మీ మామ చేసే పనే గదా. నల్లా బదులు పువ్వు," అంది.

పువ్వును ఇసుకలో ఎండబెట్టాలి. వార్నిష్ పూసి, దాని మీద కరెంటు పారే నల్లరంగు వేయాలి. మైలుతుత్తం కలిపిన యాసిడ్ నీళ్లలో, రాగి రేకుకు ఎదురుగా, రోజంతా వేలాడదీయాలి. అత్త మొదటి పూలు సరిగా ఎండకముందే వేసింది. లోపలే కుళ్లి, రాగి చిల్లుల్లోంచి పచ్చగా కారాయి. తర్వాతివి కరెంటు ఎక్కువై నల్లగా పొడిపొడిగా రాలాయి. నేను విసుక్కుంటే, "ఆత్రపడితే పువ్వు ఊకోదు బిడ్డా," అనేది. నాకున్న కాస్త ఓపిక ఆ రేకుల కింద వచ్చిందే.

మొట్టమొదట కుదిరింది మందారం. రేకుల మీది ఈనెలతో సహా ఎర్రగా మెరుస్తూ బయటికొచ్చింది. అత్త సంబరం పట్టలేక, పూజ చెంబును తోమినట్టే దాన్నీ చింతపండు, ఉప్పు వేసి తోమేసింది. రేకులు చిరిగి, లోపలి ఎండుపువ్వు బయటపడింది. నాకు నవ్వొచ్చింది కానీ ఆమె నవ్వలేదు. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"లోపల అట్లనే ఉన్నది సూడు," అంది.

ఆ తర్వాత కమ్మలు, లాకెట్లు చాలా చేసింది. ఉప్పల్ మెట్రోలో ఎవరి చెవులకైనా రాగి గన్నేరులు కనిపిస్తే, అవి మా అత్త చేతివే కావచ్చు. తనకోసం చేసుకున్నది మాత్రం ఒక్కటే. బొండుమల్లెల చిన్న గుత్తి, వెనక పిన్ను. మరిది కూతురి పెళ్లికి దాన్ని కొప్పులో పెట్టుకుంది. నన్నూ తీసుకెళ్లింది.

ఫంక్షన్ హాలు గుమ్మంలోనే ఆడబిడ్డ చూసి, మెల్లగా తీయమంది. "పూలు తియ్యమన్నరు, తీసిన వదినా. గిది రాగి," అంది అత్త. "సూసేటోళ్లకు పువ్వే," అంది ఆడబిడ్డ. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే అత్త పిన్ను తీసి నా సంచిలో వేసింది. అక్షింతలు వేయకుండానే తిరిగొచ్చేశాం. ఆటోలో దారంతా బయటికి చూస్తూ కూర్చుని, ఇల్లు దగ్గరపడ్డాక అంది: "నేను పోయిననాడు పెట్టు బిడ్డా. గప్పుడు ఎవరేమంటరు."

అప్పటినుంచి రేకుల కింద పని చేసుకునేటప్పుడే దాన్ని పెట్టుకునేది. గేటు చప్పుడైతే తీసి డబ్బాలో వేసేది. తర్వాత కిడ్నీలు పాడయ్యాయి. డాక్టరు షుగర్ వల్ల అన్నాడు. ఆ మైలుతుత్తం నీలం నీళ్ల వల్లేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే. వీడియో చూపించింది నేనే కదా.

అత్త పోయిన ఆ రోజు ఆడవాళ్లు స్నానం చేయించి, తల దువ్వి, ముడి వేశారు. నేను డబ్బాలోంచి మల్లెలు తీసి ముడిలో గుచ్చాను. ఆడబిడ్డ వంగి వాటిని పట్టుకుంది. నేను చేయి అడ్డం పెట్టి, అత్త అడిగిందని చెప్పాను.

"నన్ను గూడ గిదే అడిగింది. అయినా పెట్టొద్దు," అందామె. నా చేయి పక్కకు జరిపి, పిన్ను లాగి, పిడికిట్లో పెట్టుకుంది. అత్తను ఉత్త తలతోనే తీసుకెళ్లారు.

మగవాళ్లు శ్మశానం నుంచి వచ్చి స్నానాలు చేస్తుండగా, కనీసం ఆ పువ్వయినా ఇప్పించుకుందామని, అడగవలసినవన్నీ అడిగేద్దామని పెరట్లోకి వెళ్లాను. ఆడబిడ్డ బట్టలుతికే బండ మీద ఒంటరిగా కూర్చుని ఉంది. మల్లెలు ముక్కు దగ్గర ఉన్నాయి. నన్ను చూసినా దాచలేదు.

"దీనికి వాసన రాదా?" అంది.

రాదన్నాను. అసలు పూలు రాగి లోపల ఉంటాయని చెప్పాను.

"ఉన్నయా లోపల?"

"ఉన్నాయి పెద్దమ్మా."

ఆమె చేయి వణకడం అప్పుడే చూశాను. మల్లెలను మళ్లీ ముక్కుకు ఆనించుకుని, కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చింది.