స్లో తగ్గించొద్దు!

ఆ రోజుల్లో ఆడపిల్ల స్కూటీ నడిపితే ముచ్చటపడేవాళ్ళు; మోటార్ సైకిల్ నడిపితే మాత్రం ఇంటికొచ్చి నాన్నగారిని పరామర్శించేవాళ్ళు. నేను రెండో రకం. నీలగిరి కొండల్లో టీచరు ఉద్యోగం, నా జీతంతో కొనుక్కున్న కొత్త ఇంజక్షన్ బండి, ఎవరేమంటే నాకేంటన్న పొగరు (ఇప్పుడు దాన్ని ఆత్మవిశ్వాసం అంటున్నారట) మూడూ ఉండేవి. వేసవి సెలవులకు బండిని రైలెక్కించి, సికింద్రాబాద్‌లో దించుకుని, యాప్రాల్‌లోని మా ఇంటికి దర్జాగా తోలుకొచ్చాను. తీరా చూస్తే, కొండమీద పిల్లిలా గుర్రుమన్న బండి ఇక్కడ నిలబెట్టినా రంకెలేస్తోంది. అక్కడి పలచటి గాలికి ఆగిపోకుండా మెకానిక్ చేసిన సర్దుబాటు, కిందికి దిగేసరికి ఎక్కువైపోయిందన్నమాట.

ఆదివారం నాన్నగారు మొదటిసారి నా వెనక కూర్చుని చర్చికొచ్చారు. ఆయన పంచె సర్దుకుని దిగేలోపు బండి పెట్టిన గోలకు, లోపల ప్రార్థన చేస్తున్న అయ్యగారు ఒక కన్ను తెరిచి చూశారు. ఇంటికి రాగానే నాన్నగారు తీర్పు చెప్పేశారు. "వచ్చే ఆదివారానికి దీని నోరు మూయించు. లేకపోతే అమ్మేస్తాను, నువ్వు బస్సులో తిరుగు."

"అమ్మేది లేదు. నోరు నేనే మూయిస్తాను," అన్నాను.

మర్నాడు వీధి చివరి మెకానిక్‌ను పిలిపించాను. అందరూ అతణ్ణి పానా అన్న అనేవాళ్ళు. వస్తూనే నన్ను వదిలేసి మా తమ్ముణ్ణి అడిగాడు. "ఏంది తమ్మీ, బండి గిట్ల మొత్తుకుంటున్నది?"

"బండి నాది. నన్నడుగన్నా."

"అట్లనా అక్కా. కార్బొరేటర్ ఏడున్నది మరి?"

"దీనికి ఉండదు. ఇంజక్షన్ బండి కదా, పెట్రోలు దానంతటదే చిమ్ముకుంటుంది."

"ఉండదా! మరి స్లో ఏడ తగ్గియ్యాలె?"

(బండి ఊరికే నిలబడ్డప్పుడు ఇంజను తిరిగే వేగాన్ని మెకానిక్కులు 'స్లో' అంటారు. స్లో తగ్గిస్తే బండి శాంతిస్తుంది, పెంచితే అరుస్తుంది. ఈ సంగతి మా అమ్మకు తెలియదు.)

బండితో వచ్చిన పుస్తకం చూసి, స్లో సరిచేసే గాలి స్క్రూ ఎక్కడుందో నేనే చూపించాను. అతడు దానిమీద స్క్రూడ్రైవర్ పెట్టాడో లేదో, వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, స్లో తగ్గించొద్దు నాయనా! పిల్ల అసలే స్పీడు. ఎంత వీలైతే అంత పెంచు!"

పెద్దావిడ మాట కాదనలేక పానా అన్న రెండు చుట్లు పెంచేశాడు. బండి ఎత్తుకున్న రాగానికి మా కుక్క మంచం కిందికి దూరింది. అమ్మ చెవులు మూసుకుని, "ఇప్పుడు నిదానంగా వెళ్తుందా?" అని అరిచింది. వరండాలోంచి నాన్నగారు, "ఆదివారం దాకా ఎందుకు, ఇవాళే బేరం పెడతాను," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇటివ్వన్నా ఆ స్క్రూడ్రైవర్!"

"ఆడోళ్ళ పని గాదక్కా, ఖరాబైతది."

"అయితే నా బండేగా అయ్యేది!"

పావు చుట్టు తిప్పడం, చెవి పెట్టి వినడం, మళ్ళీ పావు చుట్టు. నాన్నగారు పేపరు దించలేదు గాని పేజీలు తిప్పడం మానేశారు. చివరికి బండి పిల్లిలా గుర్రుమంది. "మస్తు జేసినవక్కా!" అన్నాడు పానా అన్న. నాన్నగారు గొంతు సవరించుకుని, "ఆదివారం చర్చికి ఎన్నింటికి బయల్దేరదాం?" అన్నారు.

సెలవులై కొండెక్కగానే బండి ఆగిపోవడం మొదలుపెడితే, స్క్రూ మళ్ళీ నేనే తిప్పాను. ఆ సాయంత్రం అమ్మ ఫోను. "స్లో పెంచావా తల్లీ?" "పెంచానమ్మా," అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. ఆ మాటకు అర్థం ఆవిడకు చివరిదాకా చెప్పలేదు. ఇప్పుడు నిజంగానే నిదానంగా నడుపుతున్నాను, అడగడానికి అమ్మ లేదు. బండి మాత్రం అమ్మలేదు.