టీకా మీద రుద్దిన వేపముద్ద

మనుమరాలు తెప్పించిన సీసా మూత తీయగానే వంటింటి నిండా తిప్పతీగ, శొంఠి, మిరియాల వాసన కమ్ముకుంది. సీసా మీది రాత చదివి, "దీంట్ల యాంటీ ఆక్సిడెంట్లున్నయట అమ్మమ్మా, తాగితే ఏ వైరస్ దగ్గరికి రాదట" అంది. నాకు ఒళ్లు మండింది. దడి మీద ఊరికే పాకే తీగను కొనుక్కోవడం ఒక మంట, ఆ 'రాదట' అన్న మాట ఇంకో మంట. చొప్పదండి దగ్గరి మా ఊర్లో, మా నాయనమ్మ నోట ఆ మాట వినీ వినీ నా చెవులు ఏనాడో అరిగిపోయాయి.

మిరుగు కార్తె వచ్చిందంటే, తొలి వాన పడ్డ మట్టి ఇంకా ఆవిరి కక్కుతుండగానే, ఆమె ఇంగువను బెల్లంలో చుట్టి మా నోళ్లలో కుక్కేది. ముసురు పట్టాక వావిలాకు కాచిన నీళ్ల ముందు కూర్చోబెట్టి గొంగడి కప్పేది, ఊపిరాడక తల బయట పెడితే నెత్తిన మొట్టేది. చలికాలం ఉసిరికాయ తొక్కు లేకుండా తొలి ముద్ద తిననిచ్చేది కాదు. తిప్పతీగ కషాయానికి నేను మొహం తిప్పుకుంటే, "తాగే! చేదు లోపటికి పోతెనే రోగం బయటికి పోతది" అనేది. జలుబుకు, గొంతు నొప్పికి వాటితో హాయిగా ఉండేది, కాదనను. ఇప్పటికీ శొంఠి నీళ్లే తాగుతాను. కానీ ఊరి మీదికి వచ్చే ప్రతి రోగాన్నీ ఆ ముంత కషాయమే ఆపుతుందని ఆమె మొండి నమ్మకం.

ఒక ఏడు మసూచి టీకాలాయన వస్తే, ఊర్లో సగం మంది తల్లులు పిల్లల్ని వడ్ల గుమ్ముల వెనక దాచారు. మా అవ్వ, అంటే మమ్మల్ని కన్నతల్లి, మాత్రం తమ్ముణ్ని చంకనేసుకొని పోయి వేయించుకొచ్చింది. తీరా ఇంటికొచ్చేసరికి నాయనమ్మ వేపాకు, పసుపు నూరి సిద్ధంగా కూర్చుంది. టీకా వేడి చేస్తుందని, పోచమ్మకు కోపమొస్తుందని, చాలా ఇళ్లలో గాట్లు ఆరకముందే కడిగి ఆ ముద్ద రుద్దేవారు. తమ్ముడికీ అదే జరిగింది. పొక్కు లేస్తేనే టీకా అంటినట్టని టీకాలాయన చెప్పి పోయాడు. ఎన్నాళ్లు చూసినా పొక్కు లేవలేదు.

ఎండాకాలం పక్క వాడలో మసూచి పడింది. గుమ్మాలకు వేప మండలు వేలాడాయి, అమ్మోరు ఉన్నన్నాళ్లు పోపు పెట్టొద్దని ఏ ఇంటి నుంచీ తాలింపు వాసన రాలేదు.

"పొలగానికి టీకా అంటలే అత్తా. మల్ల ఏపిస్త" అంది అవ్వ.

"నా కషాయం తాగేటోనికి ఏమైతదే? అమ్మోరుతోని ఆటలా?"

అత్త ముందు ఏనాడూ తలెత్తని మా అవ్వ ఆ పూట తలెత్తింది. "నీ కషాయం నువ్వు పొయ్యి, వద్దంటలే. గా చెయ్యి మాత్రం ముట్టకు."

నెత్తి మాడే ఎండలో తమ్ముడికి కొంగు కప్పి చొప్పదండి దాకా నడిచి మళ్లీ వేయించింది. వచ్చాక వాడి చేతిని ఒళ్లో పెట్టుకొని గడపలోనే కూర్చుంది. తిండీ అక్కడే, కునుకూ అక్కడే. "డాక్టరమ్మ అయింది మా కోడలు, జర దండం పెట్టుండ్రి!" అని నాయనమ్మ అరుగు మీద నుంచి ఊరందరికీ వినిపించేది. చివరికి పొక్కు లేచి, వాడికి ఒళ్లు కాలింది. బిడ్డకు జ్వరమొస్తే నవ్విన తల్లిని నేను ఆ ఒక్కసారే చూశాను.

వాడికి మసూచి రాలేదు. అది తన కషాయం మహిమేనని నాయనమ్మ బతికినన్నాళ్లూ చెప్పుకుంది! ఎదురింటి పిల్ల లచ్చవ్వకూ టీకా వేయించాక అట్లాగే చేయి కడిగారు, అదీ రోజూ మా ఇంటి కషాయమే తాగేది. మసూచి పోసి బతికింది గానీ మొహం నిండా గుంతలు పడ్డాయి, ఒక కన్ను పోయింది.

ఇప్పుడా దడి లేదు, వావిలి పొదలు లేవు, ఉసిరి తొక్కు నూరే రోలు లేదు, తలచుకుంటే చిరాకే. అట్లాంటి మొహాలూ లేవు, సంతలో వెతికినా ఒక్కటి దొరకదు. మొన్న లచ్చవ్వ ఫోటో చూపిస్తే మనుమరాలు, "మొహం కాలిందా అమ్మమ్మా?" అని అడిగింది. కసురుకుందామనుకున్నాను. ఆ పిల్లకు అట్లాంటి మొహం తెలియకపోవడమే మేలనిపించింది.