నీలిమందు రంగు మంచు

మంగళవారం పొద్దున్న ఇన్సేన్ వెళ్లే రైల్లో ఉండగా నాన్న ఫోను చేశాడు. "చినతాత ఎల్లిపోయాడే" అన్నాడు. "ఎక్కడికి?" అని అడగబోయాను. ముప్పై ఏళ్లు ఓడల్లో తిరిగిన మనిషి గురించి ఆ మాట వింటే మా ఇంట్లో ఎవరికైనా ముందు వచ్చే ప్రశ్న అదే. తరువాతి స్టేషనులో దిగి, అహ్లోన్‌లో ఆయన ఇంటి వైపు బస్సెక్కాక గానీ నాకు ఏడుపు రాలేదు.

చినతాత అంటే మా తాతకు తమ్ముడు. వాళ్ల నాన్న బర్మాకు వలసొచ్చి, ఇక్కడి అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. ఈయన ఓడల ఇంజను గదిలో యంత్రాలకు నూనె పోసే పని చేశాడు. ఇరుగుపొరుగు బర్మా వాళ్లందరికీ ఆయన "ఊలే", అంటే బాబాయి. ఎన్నో రేవులు చూసినా ఆయన చెప్పేది ఒక్క ప్రయాణం గురించే. దక్షిణ అమెరికా చిట్టచివర, చిలీ దేశపు కొండల మధ్య సన్నటి సముద్రపు దారిలో మూడు రోజులు. అందులోనూ ఆయన పైకొచ్చి చూసింది టీ తాగే వేళల్లో మాత్రమే. "మొత్తం కలిపితే రెండు గంటలుండదే. ఇన్నేళ్లూ అదే నెమరేస్తన్నాను" అనేవాడు.

గుడి హాల్లో ఆదివారం క్లాసుకు వెళ్లి నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నానని తెలిసినప్పుడు ఒక కొత్త నోటుపుస్తకం కొనిచ్చాడు. ఆయనకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. "నాను సెప్తాను, నువ్వు రాయి. అంతా తెలుగులో ఉండాల. ఊపిరున్నప్పుడే ఒక్కపాలి ఇంటే సాలు" అన్నాడు. ఊపిరితిత్తులు బాగా చెడిపోయాయని డాక్టరు చెప్పిన నెల అది.

మొదటి రోజే నవ్వులపాలయ్యాను. సముద్రంలోకి దిగే మంచుకొండ గురించి ఆయన చెబితే, "పొగలాంటి మంచు కమ్మిన కొండ" అని రాసి చదివాను. నాకు తెలిసిన మంచు డిసెంబరు పొద్దున్న ఇన్సేన్ రైలు పట్టాల మీద ఉండేదే మరి.

"ఓసి ఎర్రిదానా, అది ఎండెక్కితే ఎగిరిపోద్ది. ఇది రాయిలాగుంటాది. ఇరిగి నీళ్లల్లో పడితే పిడుగు పడ్డట్టే!"

"మరి రెండింటికీ మంచు అనే అంటారేటి తాతా?"

"మనోళ్లు సలి సూసినారేటి? ఒక్క మాటతో సరిపెట్టేసుకున్నారు."

ఆ వేళ నుంచి నాకు మాటల పిచ్చి పట్టింది. ఓడ వెంట గంటల తరబడి రెక్క ఆడించకుండా తేలే పెద్ద తెల్లపక్షికి పేరు వెతికాను. దొరకక, ఆయన అన్నట్టే "రెక్క కదపని పిట్ట" అని రాశాను. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడని, చందమామలో కుందేలు తలకిందులుగా కనిపిస్తుందని, గాలికి చెట్లన్నీ ఒకే వైపుకు వంగి పెరుగుతాయని రాశాను.

ఆయన భార్యను మేం మామ్మ అంటాం. ఇవన్నీ విని, "దచ్చినం యముడి దిక్కు. అటెల్లొచ్చి ఏటో గొప్పలు!" అని గొణిగేది.

"యముడు లేడే అక్కడ. ఎతికినాను. పెంగ్విన్లున్నాయి. అచ్చం మీ అన్నదమ్ముల్లాగే నడుస్తాయి" అనేవాడు.

ఒక్కచోట మాత్రం ఆగిపోయాం. ఆ మంచు పగుళ్లలో కనిపించే రంగు. నీలం అని రాశాను. "కాదే" అన్నాడు. ఆకాశం రంగా అన్నాను. "ఆకాశం పైనుంటాది. ఇది లోపల్నుంచొస్తాది." నెమలి మెడ అంటే నవ్వాడు. ఆ రంగు దొరికేదాకా మొత్తం చదవనివ్వనన్నాడు. "తప్పు రంగుతో ఇంటే నాను ఎల్లిందే అబద్దమైపోద్ది." నోటుపుస్తకంలో అక్కడ ఒక ఖాళీ ఉంచాను. వారాలు గడిచాయి. ఆయనకు మాట కంటే దగ్గు ఎక్కువైంది. ఆ ఖాళీ అలాగే ఉండిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

ఒక ఆదివారం మామ్మ బాల్కనీలో తెల్లబట్టలకు నీలిమందు పెడుతోంది. తాత పంచె బకెట్టులో ముంచి పైకెత్తింది. పైనంతా తెలుపు. మడతల లోపల నీలం. నేను ఆ తడి పంచెను లాక్కుని ఆయన మంచం దగ్గరికి పరుగెత్తాను. నేలంతా నీళ్లు కారుతున్నాయి, వెనక నుంచి మామ్మ తిడుతోంది. ఆయన మడతలోకి చాలాసేపు చూశాడు.

"హొక్తే!" అన్నాడు, ఔనని బర్మా మాటలో. తరువాత తెలుగులో, "అదే. అదేనే." మామ్మ వైపు తిరిగాడు. "నలబై ఏళ్లు నా పంచెలకి పెట్టినావు, ఒక్కనాడైనా సెప్పినావేటి?"

"నువ్వు అడిగినావేటి?" అంది మామ్మ.

ఖాళీలో "నీలిమందు" అని రాసి, మొదటి నుంచి చివరిదాకా చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు. దగ్గు వచ్చినప్పుడు చెయ్యెత్తి ఆపమనేవాడు, తగ్గాక మళ్లీ ఆ వాక్యం మొదటి నుంచే చదవమనేవాడు. అంతా అయ్యాక, "ఇప్పుడు తెలుగులో కూడా ఎల్లొచ్చినాను" అన్నాడు. నేను రాసిన దాన్ని అంతకంటే బాగా ఇంకెవరూ మెచ్చుకోలేరు.

అది జరిగిన తొమ్మిదో రోజున పోయాడు. నేను వెళ్లేసరికి ముందుగదిలో పడుకోబెడుతున్నారు. తల దక్షిణానికి పెట్టాలని పెద్దలు చెబుతుంటే, "పెట్టండి. ఆ దారి ఆయనకి తెలుసు" అంది మామ్మ. పైన కప్పిన పంచె ఆమె చేత్తో ఉతికి ఆరేసిందే. నీలిమందు కాస్త ఎక్కువే పెట్టినట్టుంది. కిటికీలోంచి నది గాలి వచ్చినప్పుడల్లా ఆ తెల్లబట్ట కొద్దిగా లేచేది, మడతల లోపలి నీలం తెరుచుకునేది, మళ్లీ మెల్లగా మూసుకునేది.