స్టవ్ మీద కొట్టించిన పేరు

బడా బజార్‌లో మా ఇత్తడి సామాన్ల కొట్టుకు స్టవ్ కొనడానికి వచ్చే ఆడవాళ్ళు ఇప్పటికీ నా భార్య కథ చెప్పుకుంటారు. "పంపు మెల్లగా కొట్టవే. ఈ కొట్టాయన పెళ్ళాం పేల్సీసినట్టు పేల్సీగలవు" అని ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. నేను త్రాసు వైపు తల తిప్పుకుంటాను. ఆమె పోయి రెండు వానాకాలాలు గడిచాయి. కథ మాత్రం నిలిచిపోయింది. అది నిజం కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మద్రాసు నుంచి రైల్లో, గడ్డి కుక్కిన పెట్టెల్లో, సీమ స్టవ్‌లు కొత్తగా తెప్పించిన రోజులవి. గాలి కొడితే మంట రావడమేమిటని మా ఊళ్ళో చాలామంది భయపడేవారు. ప్రతి స్టవ్‌కూ నూనె పోసే ఇత్తడి తొట్టి మీద ఇంగ్లీషులో కొన్ని వరుసలు గుద్ది ఉండేవి. పైన పెద్ద అక్షరాల్లో, తొట్టిని గాలి ఒత్తిడికి పెట్టి పరీక్షించామని. కింద చిన్న అక్షరాల్లో, కిరసనాయిలు తప్ప మరేదీ పోయవద్దని, తొట్టిని చెక్కవద్దని, అతుకులు వేయవద్దని. కొనేవాళ్ళకు నేను పై వరుస ఒక్కటే చదివి వినిపించేవాణ్ణి. సరుకు కదలడానికి అది చాలేది. చెప్పగా చెప్పగా నాకూ ఆ ముద్ర తాయెత్తులాగా అయిపోయింది. అది ఉంటే ఇక ఏమీ కాదన్న ధీమా.

వంటింటి పొగకు నా భార్య కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఒక స్టవ్ ఇంటికి పట్టుకెళ్ళాను.

"ఈ రాతలేటండీ?" అంది.

"పరీక్ష సేసిన సరుకని."

"ఇంత పొడుగు రాతకి అంతేనా?"

"అంతేలే."

ఇంతలో మా అమ్మ వచ్చింది. "ఒరే, దీనికి పేరు కొట్టించలేదేట్రా? రేపు పక్కింటోళ్ళు అట్టుకెలిపోతే మనదని ఏటి సూపిస్తావు?"

మా ఇళ్ళలో చెంబైనా పళ్ళెమైనా పేరు కొట్టించకుండా వాడరు. మర్నాడు స్టవ్‌ను మా కొట్టు అరుగు మీద కూర్చుని గిన్నెలకు పేర్లు కొట్టే ఆయనకు ఇచ్చాను. ముద్ర పక్కన నున్నటి జాగా ఉంది.

"తమరి పేరే కదా బాబూ?"

"కాదు, ఆవిడది కొట్టు. లోతుగా కొట్టు. తోమితే సెరిగిపోకూడదు."

ఆమెకు చదువు రాదు. చుక్కలు చుక్కలుగా ఉన్న ఆ అక్షరాలను ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడిమింది. "నా పేరు ఇంత పొడుగేటండీ!" అని నవ్వింది. ఆ నవ్వు కోసమే లోతుగా కొట్టించానేమో.

స్టవ్ పేలిన రోజు నేను ఛత్రపూర్ కోర్టు పని మీద వెళ్ళి ఉన్నాను. తిరిగి వచ్చేసరికి ఆమె ఎడమ చేతికి అరిటాకు చుట్టి ఉంది. మా అమ్మ గుమ్మంలోనే అందుకుంది: "దంపినట్టు దంపీసింది పంపు! సెప్తే ఇంటాదా?"

"ఎప్పట్లాగే కొట్టినానండీ," అంది ఆమె. "ఎక్కువ కొట్లేదు."

పెరట్లోకి వెళ్ళి తొట్టి చేతిలోకి తీసుకున్నాను. పగులు మొదటి అక్షరం దగ్గర మొదలై చుక్కల వెంబడే చివరి అక్షరం దాకా పోయింది. పక్కనే ముద్ర చెక్కు చెదరకుండా మెరుస్తోంది. అప్పుడు కింది వరుసలు మొదటిసారి నా కోసం చదువుకున్నాను. తొట్టి కార్ఖానా నుంచి బయలుదేరిన నాడు ఎలా ఉందో ఆ ముద్ర చెప్పింది. అది అబద్ధం కాదు. మేము ఉలి పెట్టాక ఇది ఆ తొట్టి కాదు.

లోపలికి వచ్చాను. మా అమ్మ చూస్తోంది, పక్కింటివాళ్ళు చూస్తున్నారు. కొట్లో ఇంకా విప్పని పెట్టెలున్నాయి.

"కొంచెం తగ్గించి కొట్టవలసింది," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసి తల దించుకుంది. ఆ మాట అదే సాయంత్రం వీధిలోకి వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ కట్టెల పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు అక్కడ స్టవ్‌కు గాలి కొడుతుంటే ఆమె పెదవులు కదిలేవి. ఎన్నిసార్లు కొడుతున్నారో లెక్కపెట్టుకునేది. తను ఎక్కడ తప్పిందో ఇంకా వెతుక్కుంటోందని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

ఇప్పుడు ఇంట్లో నా అన్నం నేనే వండుకుంటాను, ఆ కట్టెల పొయ్యి మీదే. మొన్న అటక మీద నుంచి ఆ తొట్టిని దింపి, మసి తుడిచి, కొట్లో కొత్త స్టవ్‌ల పక్కన పెట్టాను. కొనడానికి వచ్చిన ఒకావిడ అలవాటుగా ఆ కథ ఎత్తుకుంది. తొట్టి ఆమె చేతికిచ్చాను.

"ఇది ఆవిడ పేరమ్మా. నేను కొట్టించినాను, కొట్టించొద్దని రాసి ఉన్న సోట. ఇక్కడే పగిలింది. ఆవిడ పంపు సరిగ్గానే కొట్టింది."

కొనడానికి వచ్చినావిడ ఆ పగులును చివరి దాకా వేలితో తడిమింది.

"మరి ఈ సంగతి ఆవిడికి సెప్పినారా బాబూ?"

"లేదమ్మా," అన్నాను.

ఆమె కొత్త స్టవ్‌ను నా ముందుకు జరిపింది. "అయితే ఇందులో ఏటి రాసుందో అంతా సెప్పండి. కిందది కూడా."

కళ్ళజోడు పెట్టుకుని చిన్న అక్షరాల దగ్గర మొదలుపెట్టాను.